గుజరాతీ గల్లీ సామాన్లతో ప్రీయాంప్: ఏది కొనాలి, ఏది ఏరుకోవాలి

"సౌండ్ వస్తుందా లేదా మేడమ్?"

నాలుగు ఐసీలు (చిప్పులు) కౌంటర్ మీద పెట్టి ఇవి డూప్లికేట్ అని నేను చెప్పినప్పుడు కోఠిలో ఒక షాపాయన నన్ను అడిగిన మాట ఇది. నిజమే, సౌండ్ వస్తుంది. అందుకే ఏం చెప్పాలో తోచక రెండు నిమిషాలు అట్లాగే నిలబడ్డాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు, ఇంట్లో ప్రీయాంప్ (పవర్ ఆంప్లిఫయర్‌కు ముందు ఉండి వాల్యూమ్ చూసుకునే పెట్టె) చేసుకోవడానికి సామాన్లు కొనే చోటుగా కోఠి గుజరాతీ గల్లీ ఎట్లా ఉంది, రెండు నెలల్లో నాలుగు సార్లు తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

నేను భువనగిరిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా అన్న బెంగళూరుకు మారుతూ తన పాత పవర్ ఆంప్లిఫయర్‌నూ రెండు స్పీకర్లనూ మా ఇంట్లో దింపి పోయాడు. దాని వెనక రెండు సాకెట్లు, ముందు ఒక స్విచ్చు, అంతే. వాల్యూమ్ లేదు. సీడీ ప్లేయర్ నేరుగా తగిలిస్తే రెండు వోల్టులు పోతుంది, పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. ఫోన్ తగిలిస్తే అంత రాదు, ఫ్యాన్ చప్పుడులో పాట మునిగిపోతుంది. మధ్యలో ఒక ప్రీయాంప్ కావాలి. రెడీమేడ్‌గా నాకు నచ్చినవన్నీ నేను అనుకున్న రెండున్నర వేలకు ఎన్నో రెట్లు ఉన్నాయి. సర్క్యూట్ చూస్తే ఇంటర్ పిల్లలకు నేను చెప్పే ఆపరేషనల్ ఆంప్లిఫయర్ కంటే పెద్ద కష్టం కాదు. ఒక సెలెక్టర్ స్విచ్చు, ఒక వాల్యూమ్, చానెల్‌కు ఒక సగం ఐసీ. 2.2కె, 1కె రెసిస్టెన్సులతో (కె అంటే వెయ్యి ఓమ్స్) గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, 3.2, అంటే సుమారు 10 డెసిబెల్స్. అవుట్‌పుట్‌లో ఒక కండెన్సర్, దాని వెంట 100 ఓమ్స్. బాస్, ట్రెబుల్ పెట్టలేదు. మా ఇంట్లో వాటిని ముట్టుకునేవాళ్ళు లేరు.

సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగితే గల్లీ నడక దూరమే. మొదటిసారి ఆదివారం పోయి చాలా షట్టర్లు దించి ఉండటం చూసి, రెండు చీరలకు మ్యాచింగ్ బ్లౌజు ముక్కలు కొనుక్కొని తిరిగొచ్చాను. మామూలు రోజు పోతే అదొక వేరే లోకం. ఒక షాపులో ఒట్టి వైర్లు, ఒక దాంట్లో ఒట్టి రిమోట్లు, ఒక దాంట్లో నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న ప్లాస్టిక్ అరలు. హిందీ, ఉర్దూ, తెలుగు కలిపి ఒకే వాక్యంలో బేరం. లిస్టు రాసుకొని పోతే మర్యాద ఉంటుంది. "ప్రీయాంప్‌కు సామాన్లు కావాలి" అంటే ఒక బ్లూటూత్ బోర్డు చేతిలో పెడతారు.

లిస్టులో కూడా ఎట్లా రాస్తామన్నది ముఖ్యం. రెసిస్టెన్స్ అని ఊరికే అడిగితే లేత రంగు ఒంటి మీద నాలుగు గీతలు, చివర బంగారు గీత ఉండే కార్బన్‌వి ఇస్తారు. అవి అయిదు శాతం. "ఎంఎఫ్ఆర్ (మెటల్ ఫిల్మ్ రెసిస్టర్), ఒక శాతం" అనాలి. అప్పుడు అయిదు గీతల నీలం రంగువి వస్తాయి. వంద ముక్కల ప్యాకెట్ నాకు 90 రూపాయలకు వచ్చింది. అయిదు శాతానికీ ఒక శాతానికీ తేడా ఎంత అంటే, నా సర్క్యూట్‌లో ఎడమ చానెల్‌లో రెసిస్టెన్సులు ఒక పక్కకు, కుడి చానెల్‌లో ఇంకో పక్కకు తప్పితే, అయిదు శాతంవి రెండు చానెళ్ల మధ్య 1.2 డెసిబెల్ దాకా తేడా తెస్తాయి. ఒక శాతంవి 0.24 దాటవు. ఆ ఖర్చు తేడా ముక్కకు పావలా, అర్ధ రూపాయి. ఇక్కడ పిసినారితనం చేసేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం.

0.1 శాతం రెసిస్టెన్సులు కూడా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో, ఒక్కొక్కటి పదుల రూపాయలకు. నేను కొనలేదు. ఎందుకంటే ఇక్కడ మనకు కావలసింది నిఖార్సయిన 1,000 ఓమ్స్ కాదు, ఎడమ పక్క ఎంత ఉందో కుడి పక్క కూడా అంతే ఉండటం. కూరగాయల బండి మీద తూకం రాయి కొద్దిగా తక్కువదే అనుకోండి. ఆ ఒక్క రాయితోనే ఇద్దరికీ తూస్తే ఇద్దరికీ సమానమే పడుతుంది. నా మల్టీమీటర్ ఒక శాతం అబద్ధం చెప్పినా సరే, రెండు పక్కలా అదే అబద్ధం చెబుతుంది. కాబట్టి ఒక రాత్రి భోజనాలయ్యాక 1కె ప్యాకెట్ మొత్తం చాప మీద పోసి ఒక్కొక్కటే కొలిచాను. 0.994 నుంచి 1.003 దాకా వచ్చాయి. ఒకే అంకె చూపించినవి ఒక కుప్ప. మా అత్తమ్మ కళ్ళజోడు సర్దుకొని చూసి, "మెంతులు ఏరుతున్నవా?" అంది. మూడో కుప్ప దగ్గరికి వచ్చేసరికి తనే పక్కన కూర్చుని అంకె చదివి చెప్పడం మొదలుపెట్టింది. గంటన్నరలో 1కె, 2.2కె రెండూ అయిపోయాయి. మూడు అంకెల దాకా జతలు కుదిరాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. 47కె లాంటి పెద్ద విలువలు కొలిచేటప్పుడు రెండు చివరలూ వేళ్ళతో పట్టుకోవద్దు. మన ఒళ్ళే ఇంకో రెసిస్టెన్స్ అయి పక్కన చేరుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. క్రొకడైల్ క్లిప్పులు పది రూపాయలు.

వాల్యూమ్ కంట్రోల్ (పొటెన్షియోమీటర్, షాపు భాషలో పాట్) దగ్గర మాత్రం ఇంత సులువు కాలేదు. నాకు కావలసింది 10కె, స్టీరియో, లాగ్ (తిప్పేకొద్దీ చెవికి సౌండ్ సమంగా పెరిగినట్టు వినిపించే రకం). చాలా షాపుల్లో 50కె, 100కె చూపించారు. ఎక్కువ విలువది పెడితే ఆ రెసిస్టెన్స్‌లో పుట్టే బుస్సు కూడా ఎక్కువ. 10కె దొరికిన మొదటి షాపులో ఒకటి కొని ఇంటికి తెచ్చి, బోర్డు మీద పెట్టి, పాతకాలపు మోనో పాట ఒకటి పెట్టాను. మోనో పాట అయితే గొంతు రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యలో నిలబడాలి, మా హాల్లో అయితే గోడ గడియారం కింద. వాల్యూమ్ సగానికి పెంచితే గడియారం కిందే ఉంది. రాత్రి పూట వినేంత తగ్గిస్తే ఆ గాయకుడు మెల్లగా నడుచుకుంటూ ఫ్రిజ్ వైపు పోయాడు.

ఆ పాట్ విప్పి మధ్య కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య కొలిచాను. ఒక పక్క 580 ఓమ్స్, ఇంకో పక్క 720. అంటే 1.9 డెసిబెల్ తేడా. అత్తమ్మా నేనూ గంటన్నర కూర్చుని ఏరిన రెసిస్టెన్సుల లాభం మొత్తం ఈ 60 రూపాయల ముక్క మింగేసింది. చవక కార్బన్ పాట్లలో చాలావాటికి ఈ జబ్బు ఉంటుంది. పైన బాగానే ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ రెండు ట్రాకులూ ఒకదానితో ఒకటి కలిసి నడవవు. పేరున్న జపాన్ కంపెనీ నీలం రంగు పాట్ కొనుక్కోవచ్చు కదా అంటారు. దాని నకళ్ళు చాలా తిరుగుతున్నాయి, అసలుది నా బడ్జెట్‌లో సగం పైన తినేస్తుంది.

కాబట్టి తర్వాతి సారి మల్టీమీటర్ బ్యాగులో వేసుకొని పోయాను. మొదట ఆగిన షాపులో కొలిచి తీసుకుంటానంటే కుర్రాడు నవ్వి, "మేడమ్, మీరు చెకింగ్ ఆఫీసరా?" అన్నాడు. కాదన్నా చూడనివ్వలేదు. గల్లీలో ఇంకాస్త లోపలికి, మెట్ల కింద ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన డబ్బా మొత్తం నా ముందుకు తోసి, "ఏరుకోండమ్మా, బేరం మాత్రం వద్దు" అన్నాడు. బెండకాయలు తోక విరిచి చూసినట్టు ఏడు పాట్లు కొలిచాను. ఒక్కొక్కటీ కింద, మధ్య, పైన, మూడు చోట్ల. వెనక జనం ఆగితే ఆయనే "టీచరమ్మ ఉంది, రెండు నిమిషాలు" అని సర్ది చెప్పాడు. నేను టీచర్‌నని ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. అయిదోదానికి కింది వైపు 640, 655 వచ్చాయి. 0.2 డెసిబెల్. దాన్నీ, దాని తర్వాత మంచిదాన్నీ తీసుకున్నాను. రెండూ కలిపి 130. ఈ గల్లీలో నేను పెట్టిన డబ్బులో ఇదే అన్నిటికంటే సార్థకం.

ఇక ఐసీలు. ఎన్ఈ 5532, ఒక్కోదాంట్లో రెండు ఆపరేషనల్ ఆంప్లిఫయర్లు ఉంటాయి. ఆడియోలో దశాబ్దాలుగా అందరూ వాడేది. నాయిస్ తక్కువ (హెర్ట్జ్ వర్గమూలానికి 5 నానోవోల్టులు), 600 ఓమ్స్ లోడునైనా నడపగలదు, ధర తక్కువ. దీన్ని మించినవి ఉన్నాయి, నా పవర్ ఆంప్‌కూ నా చెవులకూ అవసరం లేదు. గల్లీలో ఒకటి 12 రూపాయలకు ఇచ్చారు, "ఒరిజినల్ మేడమ్, ఏక్ నంబర్ మాల్." నాలుగు తీసుకున్నాను.

ఇంటికొచ్చాక, సోల్డరింగ్‌కు ముందే ఒక చిన్న పరీక్ష చేశాను. ఎవరైనా చేసుకోవచ్చు, కరెంటు కూడా ఇవ్వక్కర్లేదు. అసలైన 5532 లోపల ఇన్‌పుట్ కాళ్ళ మధ్య రెండు డయోడ్లు ఎదురెదురుగా కట్టి ఉంటాయి. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి 2, 3 కాళ్ళ మీద ముల్లులు ఆనిస్తే 0.6, 0.7 దగ్గర అంకె రావాలి. ముల్లులు తారుమారు చేసినా అంతే రావాలి. నా నాలుగింటిలో ఏదీ పలకలేదు. అనుమానం తీరక ప్లస్, మైనస్ 15 వోల్టులు ఇచ్చి ఖాళీగా ఎంత కరెంటు తీసుకుంటుందో చూశాను. 5532 ఎనిమిది మిల్లీయాంపుల దగ్గర తాగాలి. ఇది మూడున్నర. చవకలో దొరికే వేరే పాత ఐసీ ఏదో పేరు చెరిపి, మీద కొత్త పేరు అచ్చు వేశారన్న మాట. కాళ్ళ వరుస ఒకటే కాబట్టి ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది.

అప్పుడే ఆ షాపాయన దగ్గరికి తిరిగి పోయింది. ఆయన ప్రశ్న నన్ను ఇంటి దాకా వెంటాడింది. ఆయన మోసం చేశాడా, ఆయన్నే ఇంకెవరో మోసం చేశారా తెలియదు. డబ్బు వాపసు ఇవ్వలేదు, బిల్లు లేదు కాబట్టి నేను గట్టిగా అడగనూ లేదు. నలభై రూపాయల పాలిస్టర్ కండెన్సర్లు పట్టుకెళ్ళమన్నాడు, పట్టుకొచ్చాను. అవి మంచివే. అసలైన ఐసీలు ఆన్‌లైన్‌లో కంపెనీ అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెప్పించాను. ఒకటి 75 రూపాయలు, నాలుగింటికి 300, పైన కొరియర్ 150. వీటికి 2, 3 కాళ్ళ మధ్య రెండు వైపులా 0.66 వచ్చింది. ఆ అంకె చూసి నాకు కలిగిన సంతోషం పాట విన్నప్పుడు కూడా కలగలేదు.

నిజాయితీగా చెబుతున్నాను, నకిలీదీ అసలుదీ బేస్‌లో (ఐసీ గుచ్చే సాకెట్‌లో) మార్చి మార్చి పెట్టి విన్నాను. పాట నడుస్తుండగా కళ్ళు మూసుకుని ఏది ఏదో చెప్పమంటే చెప్పలేను. మా అబ్బాయి మార్చాడు, పదిసార్లలో నేను ఆరుసార్లు సరిగ్గా చెప్పాను, అంటే గుడ్డిగా చెప్పినట్టే. పాట ఆపి, ట్వీటర్‌కు చెవి ఆనించి వింటే మాత్రం బుస్సు తేడా తెలుస్తుంది. మరి ఎందుకు ఇంత గొడవ అంటే, నేను డబ్బు ఇచ్చింది ఆ పేరుకు. పేరు ఒకటై సరుకు ఇంకొకటైతే రేపు ఎక్కడైనా తేడా వచ్చినప్పుడు తప్పు నా లెక్కలో ఉందో ఐసీలో ఉందో ఎట్లా తెలుస్తుంది?

ఆ తేడా రానే వచ్చింది. అసలు ఐసీలు పెట్టిన రోజే వాల్యూమ్ తిప్పుతుంటే సన్నగా గరగర. పాట్ చెడిపోయిందనుకొని మెట్ల కింది పెద్దాయన్ను మనసులో తిట్టుకున్నాను. పాపం ఆయనది కాదు తప్పు, నాది. కండెన్సర్లు ఎంత తక్కువ ఉంటే సౌండ్ అంత శుద్ధంగా ఉంటుందని ఎక్కడో చదివి, పాట్‌కూ ఐసీకీ మధ్య ఉండాల్సింది తీసేశాను. ఈ ఐసీ ఇన్‌పుట్ కాలు మామూలుగా రెండు వందల నానోయాంపుల దగ్గర కరెంటు లాగుతుంది. అది పాట్ మధ్య కాలు గుండా పోతే అక్కడ అర మిల్లీవోల్టు దాకా పోగవుతుంది. తిప్పినప్పుడల్లా అది ఎగిరెగిరి పడటమే ఆ గరగర. షాపాయన ఇచ్చిన కండెన్సర్లలోంచి 2.2 మైక్రోఫారడ్‌వి చానెల్‌కు ఒకటి పెట్టి, వాటి తర్వాత 47కె గ్రౌండ్‌కు కట్టాను. గరగర పోయింది. ఈ రెండిటి కలయిక కోసేది ఒకటిన్నర హెర్ట్జ్ కిందనే, కాబట్టి మృదంగంలో చిటికెడు కూడా తగ్గలేదు.

పవర్ సప్లై గురించి ఎక్కువ లేదు. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, 2,200 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండు, వోల్టేజీ నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు 7815, 7915. అన్నీ గల్లీలోనే, అన్నీ బాగున్నాయి. 7915 కాళ్ళు 7815 కాళ్ళ వరుసలో ఉండవు, దాని వెనక రేకు కూడా గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. ఇది తెలియక కాల్చుకున్నవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

హమ్ మాత్రం వారం తిన్నది. అన్నీ ఒకే అల్యూమినియం డబ్బాలో పెట్టాను, అందంగా ఉంటుందని. ట్రాన్స్‌ఫార్మర్‌కూ పాట్‌కూ మధ్య రెండంగుళాలు. స్పీకర్లలో శ్రుతి పెట్టె పెట్టినట్టు ఒకటే మోత, 50 హెర్ట్జ్. అల్యూమినియం ఆ అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు, ఆ సంగతి క్లాసులో చెప్పే నేనే మర్చిపోయాను. స్టీలు టిఫిన్ డబ్బాలో పెడదామని చూస్తే ఫ్రిజ్ మీది అయస్కాంతం దానికి అంటుకోలేదు. అంటుకోని స్టీలు ఈ పనికి ఎందుకూ పనికిరాదు. అంటుకున్నది బిస్కెట్ల రేకు డబ్బా. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జ్, రెగ్యులేటర్లు అందులోకి మార్చి, రేకుకు ఎర్త్ తగిలించి, ఫ్యూజ్ పెట్టి, మూడు తీగలతో రెండున్నర అడుగుల దూరానికి తోసేశాను. అసలు పని చేసింది రేకు కంటే ఆ దూరమే. దూరం రెట్టింపైతే ఆ క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చెవి ఆనిస్తే సన్నటి బుస్సు తప్ప ఇంకేం లేదు.

మొత్తం ఖర్చు నకిలీ ఐసీల 48 రూపాయలతో సహా 2,340. అందులో ఒక్క వస్తువుగా అన్నిటికంటే పెద్ద వాటా అల్యూమినియం డబ్బాది, 450. మీటరు, సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో ఉన్నవే.

గల్లీకి మార్కులు వేయమంటే అయిదుకు మూడున్నర. రెసిస్టెన్సులు, కండెన్సర్లు, ట్రాన్స్‌ఫార్మర్, డాట్ బోర్డు, సాకెట్లు, షీల్డ్ వైరు, స్క్రూలు, అన్నీ అక్కడే కొనండి. చేత్తో పట్టుకొని చూసి కొనే సుఖం కొరియర్‌లో రాదు, ఒక్క స్క్రూ కోసం మనిషిని కసరరు కూడా. పాట్లు కొలవనిచ్చే షాపులోనే కొనండి. పేరు మీద అమ్మే ఐసీలు మాత్రం అక్కడ వద్దు. సాకెట్లలో అన్నిటికంటే చవకవి తీసుకోకండి, ప్లగ్గు రెండోసారి పెట్టేసరికి మధ్య రేకు వదులైపోతుంది. ఇది నాకు జరిగింది, మళ్ళీ పోయి 30 రూపాయలవి తెచ్చాను. కోరిక ఉంటే బిల్లు అడగండి, కొందరు ఇస్తారు, కొందరు మనకేదో ఒంట్లో బాగోలేదన్నట్టు చూస్తారు.

వాల్యూమ్ నాబ్ ఒక్కటే ఇంకా కుదరలేదు. పాట్ కడ్డీకి సరిపడేవన్నీ మెరిసిపోతున్నాయి, మెరవనివి సరిపడటం లేదు. ప్రస్తుతానికి అత్తమ్మ పాత కుట్టు మిషన్ డ్రాయరు పిడి తొడిగాను.

ఆ నాలుగు నకిలీ ఐసీలు కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాయి. ఆసక్తి ఉన్న పిల్లలకు వాటితో పాటు ఒక అసలుది కలిపి ఇస్తున్నాను, మీటరు మాత్రమే వాడి అసలుది ఏదో పట్టుకోమని. మొన్న ఒకమ్మాయి నలభై సెకన్లలో పట్టుకొని, "మిగిలినవి పడేయాలా మేడమ్?" అని అడిగింది. సౌండ్ వస్తుంది, ఉంచమన్నాను.